రైలక్క జపం

చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే ఆవిడను అందరూ రైలక్క అంటారు. నడకా అంతే, మాటా అంతే, తిండీ అంతే. అరగంట భోజన విరామంలో నాలుగు నిమిషాలకే డబ్బా ఖాళీ చేసి, మిగతా సమయమంతా పొట్ట పట్టుకుని కూర్చుంటుంది. తినకపోతే మంట, తింటే ఇంకా మంట. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గొంతులోంచి గొట్టం వేసి కడుపు చూడాలంది డాక్టరమ్మ. ఆ మాటకే రైలక్క పై ప్రాణాలు పైనే పోయాయి. వాళ్లక్క కూడా ఇలాగే కడుపు పట్టుకుని తిరిగింది. పరీక్ష ఇవాళా రేపూ అంటూ వాయిదా వేసింది. అసలు రోగం బయటపడేసరికి చేయి దాటిపోయింది. అప్పటికి అక్కకు నలభై ఆరు. ఇప్పుడు రైలక్కకూ అంతే.

గొట్టం వేస్తే తనకూ అదే బయటపడుతుందేమోనని భయం. అందుకే, పక్క వరసలో గుండీలు కుట్టే పెద్దావిడ, అందరూ పిన్ని అని పిలిచే మనిషి, మంత్రం చెబుతానంటే ఎగిరి గంతేసింది. చిన్న మంత్రమే. అన్నం ముందు కళ్లు మూసుకుని నూట ఎనిమిదిసార్లు అనుకోవాలి. మర్నాడే మొదలుపెట్టింది. మొదలుపెట్టడమేమిటి, పూర్తి చేసింది కూడా.

"అయిపోయింది పిన్నీ."

"ఏంటే అయిపోయింది? నేనింకా డబ్బా మూతే తియ్యలేదు!"

"నూట ఎనిమిదీనూ. కావాలంటే ఇంకో వంద లాగించేస్తా."

"అది జపం కాదే తల్లీ, లెక్కకు కుట్టే పీస్ వర్కు. దేవుడేమన్నా మన సూపర్‌వైజరా? ఊపిరికొక్కటి అనుకో. పదకొండు చాలు."

పదకొండు ఊపిర్లంటే ఆవిడకు పదకొండేళ్లు. అయినా పంటి బిగువున కూర్చుంది. రెండు వారాలు తిరిగేసరికి ముద్ద నమలడం వచ్చింది, ఉబ్బరం తగ్గింది. తెల్లవారుజామున మంట మాత్రం లేపుతూనే ఉంది. ఆ సంగతి కడుపులోనే దాచుకుని, నయమైపోయిందని ఫ్యాక్టరీ అంతా చాటింది. గొట్టం తప్పిందన్న సంబరం పాపం.

పిన్ని నమ్మలేదు. "మంట పోయిందా?"

"పోతుందిలే పిన్నీ. మంత్రం ఉందిగా."

"మీ అక్కా ఇలాగే పోతుందిలే అనేదని నువ్వే చెప్పావు. నెమ్మదిగా తింటావని చెప్పానే మంత్రం, ఆసుపత్రి ఎగ్గొట్టమని కాదు. రేపు సెలవు పెట్టు. నేనూ పెడతా."

గొట్టం గొంతులోకి దిగుతుంటే రైలక్క మంచం అంచు గట్టిగా పట్టుకుంది. నెమ్మదిగా ఊపిరి తీసుకోమంది డాక్టరమ్మ. అదృష్టం కొద్దీ ఆ విద్య ఈమధ్యే అబ్బింది. మనసులోనే మంత్రం అనుకుంటూ ఓర్చుకుంది.

"చిన్న పుండేనమ్మా. మందులతో మానిపోతుంది. సమయానికి వచ్చావు" అంది డాక్టరమ్మ.

బయటికొచ్చి బెంచీ మీద కూలబడి రైలక్క వెక్కి వెక్కి ఏడ్చింది.

"మానిపోతుందంటే ఏడుస్తావేమే పిచ్చిదానా?"

"పరీక్షకు తోడు రమ్మని అక్క నన్ను అడిగింది పిన్నీ. కాలర్ల టార్గెట్ ఉంది, వచ్చే వారం చూద్దామన్నాను."