ఔలిస్ కట్టిన చెక్క గూళ్ళు

ఉత్తరాది మంచుదేశంలో, కయానీ ఊరికి కాస్త ఎడంగా, సరస్సు గట్టున ఉన్న ఆ వీధిలో ఔలిస్ చేతి పని లేని ఇల్లు లేదు. ముప్పై ఏళ్ళకు పైగా మునిసిపాలిటీ తరఫున రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి రిటైరయ్యాడు. బండి దిగాక చేతులు ఊరుకోలేదు. రంపం పట్టాడు. పిట్టలకు గూళ్ళు చేశాడు, పోస్టు డబ్బాలకు కప్పులు వేశాడు. ఇంటిని వెచ్చబరిచే హీట్ పంపు పెట్టించిన ఏడాది, గోడ బయట మంచులో దిక్కులేనిదానిలా నిలబడి ఉన్న దాని పెట్టెను చూసి మనసు చివుక్కుమంది. దానికీ ఒక చెక్క గూడు కట్టాడు. ఎర్ర రంగు, తెల్ల అంచులు, ముందు సన్నటి పట్టీల తలుపు. వీధి వీధంతా ముచ్చటపడింది. పక్కింటి వైనోకీ, వీధి చివరి అల్మాకీ అలాంటివే కట్టిచ్చాడు.

ఈ జనవరిలో, సరిగ్గా చలి ముదిరిన వారంలో, పంపు మొరాయించింది. వెచ్చగాలి రావలసిన చోట ఎవరో నిట్టూర్చినట్టు చల్లగాలి వచ్చింది. బయటి పెట్టె గరగరమని అరిచింది.

"మెకానిక్కును పిలుద్దాం," అంది భార్య హెల్వి, రెండు స్వెట్టర్ల మీద శాలువా లాక్కుంటూ.

"ఎందుకు, నేను లేనూ?"

"నువ్వున్నావనే నా భయమంతా."

ఔలిస్ రిమోటులో బ్యాటరీలు మార్చాడు. పంపులో గాలి వడగట్టే జల్లెడ కడిగాడు. గూడు తలుపు తీసి చూస్తే లోపల మంచు గడ్డ పేరుకుపోయి ఉంది. సుత్తి తెచ్చి గడ్డను కొట్టాడు. గడ్డ సగం రాలింది గానీ దాని వెనకున్న పల్చటి రేకులు కూడా వంగిపోయాయి. ఆ సంగతి హెల్వికి చెప్పలేదు. పొయ్యిలో ఇంకో రెండు కట్టెలు వేసి కూర్చున్నాడు.

మొదట వచ్చిన మెకానిక్కు బూట్లకు మంచు అంటకుండా మెట్టు మీదే నిలబడి విన్నాడు. "దీని పనైపోయిందండీ. కొత్తది పెట్టించుకోండి."

"తలుపైనా తీసి చూడవా నాయనా?"

"శబ్దం వింటే తెలిసిపోతుంది."

"శబ్దాన్ని బట్టే అయితే నా మోకాళ్ళు కూడా కొత్తవి పెట్టించాలి," అని ఔలిస్ అతన్ని సాగనంపాడు.

రెండోవాడు ఫోనులోనే ఉండిపోయాడు. ఎప్పుడు చేసినా "రేపు తప్పకుండా" అనేవాడు. "పాపం, ఆయన క్యాలెండర్లో ఈరోజు అనేది అచ్చు వేయలేదేమో," అంది హెల్వి.

చివరికి పక్క ఊరి నుంచి తార్యా వచ్చింది. ఎర్రటి బుగ్గలు, గట్టి గొంతు. కాఫీ తరవాత అంటూ నేరుగా ఇంటి వెనక్కి నడిచింది. గూడు ముందు నడుం మీద చేతులు వేసుకుని చాలాసేపు నిలబడింది.

"ఎవరు కట్టారిది?"

ఔలిస్ సరస్సు వైపు చూశాడు. "ఎవరో వడ్రంగి."

"మంచి పనివాడే. అతుకులు చూడండి, గోరు కూడా దూరదు. కానీ పంపును చంపేస్తున్నది ఇదే పెద్దాయనా. అది వదిలిన చల్లగాలి బయటికి పోయే దారి లేక మళ్ళీ దాన్నే పీలుస్తోంది. దుప్పటి ముసుగేసి పరుగెత్తమంటే ఎవరు పరుగెత్తుతారు?"

తార్యా వంగి గూట్లోకి తొంగిచూసింది.

"ఇంకా ఈ రేకులు! సుత్తితో కొట్టినట్టున్నారు. ఇదీ ఆ వడ్రంగేనా?"

కిటికీలోంచి హెల్వి గొంతు వినిపించింది. "ఆయనేనమ్మా. ఆ వడ్రంగితో నేను నలభై ఏళ్ళుగా కాపురం చేస్తున్నా."

తార్యా పగలబడి నవ్వింది. ఔలిస్ చెవులు చలికంటే ఎక్కువగా ఎర్రబడ్డాయి. గడ్డపలుగు తెచ్చి గూడు పలకలు ఒక్కొక్కటే ఊడదీశాడు. తార్యా గోరువెచ్చటి నీళ్ళతో మంచు కరిగించి, దువ్వెనలాంటి పనిముట్టుతో వంగిన రేకులను సరిచేసింది. కాసేపటికి వంటింట్లో వెచ్చగాలి వీచింది. హెల్వి శాలువా తీసి కుర్చీ మీద వేసి, ఏలకుల బన్నులు బల్ల మీద పెట్టింది.

"వస్తూ వస్తూ ఈ వీధిలో ఇలాంటివే ఇంకో రెండు చూశాను," అంది తార్యా మూడో బన్ను అందుకుంటూ. "ఆ వడ్రంగి నాకు చుట్టమైతే బాగుండేది. ఏటేటా చలికాలం పని వెతుక్కోనక్కర్లేదు."

ఔలిస్ సగం కొరికిన బన్ను పళ్ళెంలో పెట్టేశాడు. ఆమె వ్యాను మలుపు తిరగ్గానే గడ్డపలుగు భుజానేసుకుని వైనో ఇంటికి వెళ్ళాడు. వైనో ఇంట్లోనే టోపీ పెట్టుకుని గళ్ళ నుడికట్టు పూర్తిచేస్తున్నాడు.

"ఒరేయ్ వైనో, నీ పంపు సరిగా పనిచేస్తోందా?"

"లేదు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు గూడు కట్టినప్పట్నుంచి."

"మరి చెప్పలేదేంరా!"

"అంత అందంగా కట్టావు. నీ మనసు నొప్పించడమెందుకని." వైనో టోపీ సర్దుకున్నాడు. "అయినా వేడి ఆవిరి గది, సౌనా ఉందిగా. ఒళ్ళు చల్లబడితే వెళ్ళి కూర్చుంటున్నా."

ఇద్దరూ కలిసి ఆ గూడు ఊడదీశారు. పలకలు గోడ పక్కన పేర్చారు. మధ్యలో వైనో, "మేకులు దండిగానే కొట్టావు," అన్నాడు.

అల్మా దగ్గర మాత్రం కథ అడ్డం తిరిగింది. ఎనభై దాటిన ఆ మనిషి గడ్డపలుగును చూడగానే చీపురు అందుకుంది.

"నా గూటి జోలికి వచ్చావంటే ఊరుకోను!"

"అల్మా, అది ఉంటే నీ పంపు పాడైపోతుంది."

"ఆ పంపు ఆపేసి రెండేళ్ళయింది. దాని రొద నాకు పడదు. నాకు పొయ్యుంది, కట్టెలున్నాయి. ఆ గూడు లేకపోతే వంటింటి కిటికీలోంచి చూడ్డానికి నాకేముంటుంది, ఆ బూడిదరంగు డబ్బానా?"

ఔలిస్ గడ్డపలుగు భుజం మీంచి దించాడు. సిగ్గు పడాలో, మీసం మెలేయాలో తేలలేదు.

"ఎలాగూ వచ్చావు," అంది అల్మా, చీపురు గోడకానించి. "ఎడమ పక్క రంగు పెచ్చులూడుతోంది. ఎండ కాసే రోజులొచ్చాక డబ్బా, కుంచె పట్టుకురా. ఇప్పుడు లోపలికి రా, కాఫీ పొయ్యి మీదుంది."

ఔలిస్ గడ్డపలుగును గుమ్మం బయట మంచులో గుచ్చి, బూట్లు విడిచి లోపలికి వెళ్ళాడు.