ఊరి కప్పు, బావ బుర్ర

చేతిలో ఫోను, నోట్లో నాలుక ఉంటే చాలు, లోకంలో ఏ ఆటనైనా ఆడేవాడికంటే మనమే బాగా ఆడగలమని నమ్మే వయసొకటి ఉంటుంది. నాకది ఇరవయ్యోపడిలో వచ్చింది, కొంచెం ఆలస్యంగానే వదిలింది. అప్పట్లో నేను అనకాపల్లి మెయిన్ రోడ్డులో ఒక సెల్‌ఫోన్ల షాపులో స్క్రీన్ గార్డులు అంటించే ఉద్యోగం చేసేవాణ్ణి. (గాలిబుడగ లేకుండా అంటించడం ఒక కళ. అది నాకు చివరిదాకా పట్టుబడలేదు.) షాపు ముందు చేరే కుర్రాళ్ళలో సగం మందికి ఫుట్‌బాల్ పిచ్చి. ఒంటి మీద విదేశీ క్లబ్బుల జెర్సీలు, రెండు ఉతుకులకే వీపు మీద నంబరు ఊడిపోయే రకం. సముద్రాల అవతల ఏదో జట్టు ఓడిపోతే మావాళ్ళు మర్నాడు టిఫిను మానేసేవారు. భూమ్మీద అనకాపల్లి అనే ఊరు ఒకటుందని ఆ జట్టుకి తెలియదన్న సంగతి మాకెప్పుడూ అడ్డు రాలేదు. వీళ్ళందరికీ పెద్ద దిక్కు, బెల్లం మార్కెట్‌లో గుమస్తాగా పనిచేసే ఒకాయన. ఎవరేం మాట్లాడినా "రివ్యూ సెయ్యాల" అనేవాడు కాబట్టి రివ్యూ మామ అని పేరు స్థిరపడిపోయింది. ఆయన జన్మలో బంతిని తన్నినవాడు కాదు. ఒకసారి గ్రౌండు పక్కన నిలబడి ఉంటే బంతి ఆయన కాళ్ళ దగ్గరికే దొర్లుకుంటూ వచ్చింది. వంగి చేత్తో తీసి, దుమ్ము దులిపి ఇచ్చాడు.

మా అందరిలో నిజంగా ఆట వచ్చినవాడు ఒక్కడే, మా మేనత్త కొడుకు, నాకు బావ కాబట్టి ఊరందరికీ బావే. తుమ్మపాలలో చెరుకు రైతులు వాళ్ళు. చిన్నప్పటి నుంచీ చెరుకు మోపులు మోసిన మెడ కావడంతో, గాల్లోంచి వచ్చే బంతిని తలతో కొట్టడంలో బావని మించినవాడు చుట్టుపక్కల లేడు. వాడికి రాతిబుర్ర అని బిరుదిచ్చి, ఫ్లెక్సీ కూడా వేయించాం. బుర్ర రాయే అయితే లోపల ఉన్నదేమిటని మాలో ఎవరికీ అనుమానం రాలేదు, మా బుర్రల్లో అప్పటికే ఖాళీ లేదు మరి.

అలాంటి రోజుల్లో మా ఊరి జట్టు ఒక టోర్నమెంటులో ఫైనల్‌కి వచ్చింది. అవతల విశాఖపట్నం జట్టు. ఫైనల్ మన కాలేజీ గ్రౌండులోనే. మ్యాచ్‌ని ఫోన్లో లైవ్ పెట్టి, మైకులో కామెంటరీ చెప్పే బాధ్యత నా మీద పడింది. (నా ప్రతిభ చూసి కాదు. ఫోను నిలబెట్టే స్టాండు మా షాపులోది.) రివ్యూ మామ నిపుణుడి హోదాలో నా పక్కన కుర్చీ వేసుకున్నాడు. కె. కోటపాడు నుంచి కూడా ట్రాక్టర్లలో జనం దిగారు. డప్పులు, బూరలు, ఈలలు. ఆ గోలలో నా గొంతు నాకే గొప్పగా వినబడి, నేను పూర్తిగా చెడిపోయాను.

రెండో సగంలో స్కోరు ఒకటి ఒకటి. కార్నర్ నుంచి బంతి లేచింది. బావ ఎగిరాడు, విశాఖ డిఫెండరు పొడుగాటి కుర్రాడొకడు, వాడూ ఎగిరాడు. బంతి ఇద్దరికీ అందకుండా పోయింది, రెండు తలలూ ఒకదానికొకటి అందాయి. రెండు కొబ్బరికాయలు గుద్దుకున్న చప్పుడు మైకులో కూడా వినబడింది. ఇద్దరూ పక్కపక్కనే పడిపోయారు.

ఒకటే దెబ్బ. ఒకటే క్షణం. కానీ మా వైపు జనం ఒక కంటితో ఒకణ్ణీ, ఇంకో కంటితో ఇంకొకణ్ణీ చూశారు. "నాటకం! నాటకం! లెగరా యాక్టరూ!" అని పొడుగాటివాడి మీద అరిచారు. అదే ఊపిరిలో "మర్డరు! మావోణ్ణి సంపేసేరు!" అని గుండెలు బాదుకున్నారు. అవతల విశాఖవాళ్ళు సరిగ్గా ఇవే మాటలు తిరగేసి అరుస్తున్నారు. రివ్యూ మామ నా చేతిలో మైకు లాక్కుని, "ఇది కావాలని ఎట్టిన తల! తలకి రెడ్ కార్డు ఇవ్వాల!" అని తీర్పు చెప్పాడు.

విశాఖ కోచ్ బుద్ధిమంతుడు. తన కుర్రాణ్ణి లేవనివ్వకుండా స్ట్రెచర్ మీద వేయించి ఆసుపత్రికి పంపించేశాడు. దానికి మావాళ్ళు ఈలలేసి, "టాటా" చెప్పారు. మా జట్టు వైద్యవిభాగం అంటే ఒక బకెట్టు, ఒక నొప్పి స్ప్రే. మోకాలికి కొట్టే ఆ స్ప్రేని బావ జుట్టు మీద కొట్టి, చెరుకురసం బండి నుంచి తెచ్చిన ఐసు నెత్తిన పెట్టారు. మార్చడానికి మా దగ్గర ఆటగాళ్ళు కూడా అయిపోయారు. "లెగు బావా! లెగు!" అని గ్రౌండంతా ఊగిపోయింది. బావ లేచాడు. నేను కుర్చీ ఎక్కి, "పడిలేచిన సింహం!" అన్నాను.

సింహం నెమ్మదిగా నడుచుకుంటూ మా టేబుల్ దగ్గరికి వచ్చింది. నా మొహంలోకి చూసి నవ్వి, "బావా, పెళ్ళికూతురు ఇంకా రాలేదేటి?" అంది.

నాకు అర్థం కాలేదు. అంటే, అర్థం కాకుండా ఉంటేనే బాగుండునని నా మనసు ఆశపడింది. రివ్యూ మామ వెంటనే సర్దేశాడు. "కోడు భాష అది. స్ట్రేటజీ." నేను మైకులో "కొత్త వ్యూహంతో బరిలోకి!" అన్నాను.

ఆ వ్యూహం ఎలా నడిచిందంటే, బావ కాలికి బంతి దొరికినప్పుడల్లా ఎదురుగా ఉన్న విశాఖ ఆటగాడికి మర్యాదగా అందించి, "తీసుకోండి, మొగమాటపడకండి" అంటున్నాడు. డప్పులూ, జనమూ, రంగు బట్టలూ చూసి వాడు పెళ్ళిలో ఉన్నాననుకున్నాడు. వడ్డన చేస్తున్నాడు. రిఫరీ దగ్గరికి వెళ్ళి, "బాబాయ్, బోయినాలెట్టేయమంటారా?" అని అడిగాడు. ఆయన మా జట్టు ఏదో ఎగతాళి చేస్తోందనుకుని పసుపు కార్డు చూపించాడు. బావ దాన్ని శుభలేఖలా రెండు చేతులా అందుకోబోయాడు. "మైండ్ గేమ్! మైండ్ గేమ్!" అని మావాళ్ళు చప్పట్లు. లైవ్ కింద కామెంట్లలో నిప్పు బొమ్మలు, కండల బొమ్మలు. వాడికి ఏదో అయిందని నాకు తెలుస్తూనే ఉంది, అయినా నోరు మాత్రం ఆగలేదు. మైకు పట్టుకున్నవాడి నోరు తనది కాదు.

ఆ లైవ్‌ని తుమ్మపాలలో మా అత్త కూడా చూస్తోందని నాకు గుర్తే లేదు. గేటులోంచి ఒక ఆటో సరాసరి కార్నర్ జెండా దాకా వచ్చి ఆగింది. అత్త దిగింది, కొంగు బొడ్లో దోపుకుంది, బంతి ఎటు పోతోందో చూడకుండా గ్రౌండు మధ్యకి నడిచింది. ఎవడో "ఆఫ్‌సైడ్!" అని అరిచాడు. రిఫరీ ఈల ఊది, "అమ్మా, మీరు లోపలికి రాకూడదు, మ్యాచ్ జరుగుతోంది" అన్నాడు.

"జరగనీ బాబూ. నీ బంతి నీకాడుంది గదా, ఆడించుకో. నా కొడుకు బుర్ర నాను అట్టుకెల్లిపోతాను."

బావ ఆవిణ్ణి చూసి మొహమంతా నవ్వు చేసుకుని, "అమ్మా, నువ్వూ వచ్చేవేటి? బోయినం సేసేవా?" అన్నాడు. అత్త వాడి నుదురు అరచేత్తో తుడిచింది. "సేసేన్నాన్నా. ఇంటికెల్లిపోదాం, రా" అని చెయ్యి పట్టుకుంది.

రివ్యూ మామ పరిగెత్తాడు. "వదినా! కొంచెం సేపోర్సుకో! ఆడెల్లిపోతే పదిమందే మిగుల్తారు. ఊరి పరువు!"

"ఊరి పరువు నీ బుర్రెట్టి కాయి. నీది కొత్తగానే ఉంది, వాడినట్టు నేదు."

అటువైపు జనం నవ్వారు. ఇటువైపు జనం, అంటే మా జనం, కన్నతల్లి కొడుకుని తీసుకుపోతుంటే ఊళ పెట్టారు. అత్త నా టేబుల్ ముందు ఆగింది. "నువ్వేటి సూత్తన్నావు? అదక్కడ పడీసి ఆటో ఎక్కు." ఎక్కాను. మైకు కుర్చీలో, ఫోను స్టాండు మీద. ఆ తర్వాత గ్రౌండులో ఏం జరిగిందో ఊరంతా చూసింది గానీ నేను చూడలేదు. ఓడిపోయామని దారిలో అరుపులు ఆగిపోవడాన్ని బట్టి తెలిసింది.

ఆసుపత్రిలో స్కాన్ తీశారు. డాక్టరు పెద్దాయన, తొందరలేని మనిషి. లోపల వాపు ఉందనీ, రక్తం కారలేదు కాబట్టి బతికిపోయాడనీ, ఆ తల మీదే ఇంకో దెబ్బ పడి ఉంటే తను ఇలా నింపాదిగా మాట్లాడుతూ ఉండేవాడు కాదనీ చెప్పాడు. అత్త బల్ల మీద కూర్చుని కాళ్ళ వైపు చూసుకుంది. అప్పుడు చూశాను, ఆవిడ చెప్పుల్లేకుండా వచ్చింది.

కాసేపటికి మా అభిమాన సంఘం దిగింది. పరామర్శకే అనుకున్నాను. రివ్యూ మామ డాక్టరు దగ్గరికెళ్ళి చేతులు కట్టుకుని, "వచ్చే ఆదివారం కోటపాడులో ఒక మ్యాచుందండి. సెకండాఫ్‌లో అయినా దింపొచ్చాండి?" అని అడిగాడు.

"ముందు ఇవాళ ఏ వారమో ఆయన్ని చెప్పమనండి" అన్నాడు డాక్టరు.

రివ్యూ మామ మంచం మీదికి వంగి, "బావా, ఈయాల ఏ వారం?" అన్నాడు.

బావ ఆలోచించి, "పెళ్ళివారం" అన్నాడు.

వెనక నుంచి ఇద్దరు ముగ్గురు పకపకా నవ్వారు. తరవాత ఆ నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రివ్యూ మామ మెల్లగా వెనక్కి జరిగాడు. రివ్యూ ఏమీ చెప్పలేదు.

పక్క మంచం మీదే విశాఖ పొడుగాటి కుర్రాడు, తలకి కట్టుతో. వాళ్ళ జట్టు కప్పుతో ఫోటోలు దిగడానికి గ్రౌండులోనే ఉండిపోయింది, వీడి దగ్గర ఎవరూ లేరు. అత్త వాడికీ దుప్పటి కప్పింది, వాడికీ నీళ్ళు పట్టింది. ఇంతలో విశాఖ అభిమానులు కొందరు వచ్చారు. వరండాలో మావాళ్ళతో తగువు మొదలు. ఎవడి తల ముందు తగిలింది, ఎవడికి ఎక్కువ దెబ్బ, ఎవడిది నాటకం. ఆ గొడవకి కుర్రాడు కళ్ళు తెరిచి, "ఆంటీ, ఎవరు గెలిచారండి?" అని అడిగాడు. ఈ పక్క నుంచి బావ కూడా, "అవునే అమ్మా, ఎవులు గెలిచేరు?" అన్నాడు.

గుమ్మం దగ్గర రెండు ఊళ్ళ నోళ్ళూ ఒకేసారి తెరుచుకున్నాయి.

"నాను గెలిసేను" అంది అత్త. "తొంగోండి ఇద్దరూ."

బావ కోలుకున్నాడు. తలనొప్పులు చాలాకాలం వేధించాయి, ఆట మాత్రం మానేశాడు. ఇప్పుడు చెరుకు చూసుకుంటూ, పెళ్ళాం పిల్లలతో బాగున్నాడు. (పెళ్ళిలో "పెళ్ళికూతురు వచ్చిందేటి?" అని వాడు అడిగినప్పుడు మాత్రం మా అందరికీ ఒక్క క్షణం గుండె ఆగింది.) మా సంఘంలో కొందరు ఇప్పటికీ టీ బడ్డీ దగ్గర, ఆ రోజు ఆవిడ రాకపోయి ఉంటే కప్పు మనదే అంటుంటారు. వాళ్ళ తలలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం జరిగింది ఒక్క ముక్క కూడా బావకి గుర్తులేదు. ఆ వీడియోని అత్త దగ్గరుండి నాచేత చెరిపించేసింది. అందుకని నేను తుమ్మపాల వెళ్ళినప్పుడల్లా వాడు మంచం వాల్చి, "బావా, ఆయాల నానెలాగాడేను, సెప్పు" అంటాడు. నాకిప్పుడు మైకు లేదు, జుట్టు కూడా పలచబడింది, అయినా ఆ పాత గొంతు ఎక్కడి నుంచో లేచి వస్తుంది. నేను మొదలుపెడతాను. వాడి మొహం వెలుగుతుంటే చూసి ఆగలేక, వాడు కొట్టని గోల్ ఒకటి కలుపుతాను. అరుగు మీద బీరకాయ చెక్కు తీస్తున్న అత్త తలెత్తకుండా అడుగుతుంది:

"ఈయాలెన్ని కొట్టేడేటి?"

"మూడు, అత్తా. అన్నీ కాలితోనే."