గోంగూర పథ్యం

మా వైపు ఒంటిమీద ఏం లేచినా ముందు తిండినే అనుమానిస్తారు. నాకు చిన్నప్పటినుంచీ మోచేతి మడతల్లోనూ మోకాళ్ళ వెనకా ఎగ్జిమా. చూడ్డానికి వచ్చినవాళ్ళు తలా ఒక కూర మాన్పించి వెళ్ళేవాళ్ళు. పెద్దమ్మ వంకాయ, మేనత్త చేపలు, పక్కింటావిడ వేరుశనక్కాయలు. గోంగూర మాత్రం అమ్మే స్వయంగా మాన్పించింది. గుంటూరు జిల్లాలో పుట్టి గోంగూర తినకుండా పెరిగాను. పెళ్ళిభోజనాల్లో వడ్డించేవాళ్ళు కూడా నా విస్తరి దాటి వెళ్ళిపోయేవాళ్ళు. హాస్టల్లో ఒకసారి తిన్నాను. ఆ రాత్రి గోక్కున్నాను. తినని రాత్రులు కూడా గోక్కునేదాన్నే, అయినా భయం వేసి మళ్ళీ ముట్టలేదు.

తిండి మానినా తగ్గకపోతే అమ్మ దగ్గర ఇంకో వైద్యం ఉండేది: పరుపు ఏకించడం. మా పరుపులు సొంత చేలో పండిన పత్తితో కుట్టించినవి. దూదేకే ఆయన వచ్చి, పరుపు విప్పి, వసారాలో కూర్చుని దూదంతా ఏకి మళ్ళీ కుట్టి ఇచ్చేవాడు. ఊళ్ళో అందరూ ఎండాకాలంలో ఒకసారి ఏకిస్తారు. నా పరుపును అమ్మ దురద పెరిగినప్పుడల్లా ఏకించేది. "మెత్తగా ఉంటే ఒళ్ళు ఒరుసుకోదే" అనేది. ఆయన ఏకుతుంటే లేచే దూదినలుసుకి వసారాలో మనిషికి మనిషి కనపడేవాడు కాదు. నేను పక్కనే కూర్చుని సరదాగా చూసేదాన్ని. ఆ వారం దురద ఇంకా ఎక్కువయ్యేది. అమ్మ ఇంకో కూర మాన్పించేది.

పోయినేడు బ్రాడీపేటలో చర్మం డాక్టరుగారు అలర్జీ పరీక్ష చేద్దామన్నారు. ముప్పై దాటి, ఉద్యోగం చేసుకుంటున్న దాన్ని. అయినా అమ్మ వెంట వచ్చింది. ఆ పరీక్షలో నాకు తేలవలసింది ఒక్కటే, గోంగూర.

చేతిమీద చుక్కలు చుక్కలుగా ఏవో మందులు వేసి, ఒక్కోచోటా సూదితో గుచ్చారు. దోమ కుట్టినట్టు ఉబ్బితే అది పడనట్టు. ఆయన సీసాల్లో గోంగూర లేదు. అమ్మ సంచిలోంచి కట్ట తీసి బల్లమీద పెట్టింది.

"ఇదండీ అసలు దొంగ. పొద్దున్నే చేలో కోసుకొచ్చాను."

డాక్టరుగారు కట్ట వంకా అమ్మ వంకా చూసి, ఆకు పసరుతో కూడా గుచ్చారు.

వంకాయ లేవలేదు. చేపా లేవలేదు, వేరుశనగా లేవలేదు. గోంగూర దగ్గర సూది గుర్తు తప్ప ఏమీ లేదు. ఒక్క చుక్క మాత్రం చింతగింజంత ఉబ్బింది.

"ఇంటి దుమ్ములో ఉండే పురుగండీ. కంటికి కనపడదు" అన్నారాయన.

"మా ఇంట్లో దుమ్మెక్కడిదండీ!" అంది అమ్మ.

"పరుపుల్లో ఉంటుందండీ. పాత దూది పరుపుల్లో మరీనూ. జబ్బంతా దానివల్లేనని నేను చెప్పను, ఈ అమ్మాయి చర్మం తత్వమే అంత. కానీ పరుపులు దులపడం, ఏకించడం తన దగ్గర పెట్టుకోకండి. జిప్పున్న తొడుగు వేయండి. తిండి మాత్రం మాననక్కర్లేదు."

అమ్మ కట్ట తీసి మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

ఆటోలో ఊరికి బయల్దేరాం. నల్లపాడు దాటాక, "నీకోసమేగా ఏకించింది" అంది అమ్మ. తెలుసన్నాను. నాకు కోపం వచ్చింది. ఎవరిమీద చూపించాలో తెలియక రోడ్డు వంక చూస్తూ కూర్చున్నాను.

ఇంటికి రాగానే ఆ కట్టతోనే పచ్చడి చేసింది. నాకు వడ్డించి తనూ కంచం పెట్టుకుంది. వేడన్నంలో కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. మా ఇంట్లో గోంగూర వండటం నేనెప్పుడూ చూడలేదని అప్పుడు తట్టింది.

"నువ్వెందుకు మానేశావమ్మా? నీకేం దురద లేదుగా?"

"నీ ముందు కూర్చుని ఎట్టా తినేదే?"

"మరి నేను హాస్టల్లో ఉన్నప్పుడు?"

అమ్మ ఇంకాస్త పచ్చడి వేసుకుంది.

"అలవాటు తప్పిందిలే. పో, ఉల్లిపాయ కోసుకురా."