తాళం వేసి దాచిన పళ్లెం

ప్రయోగశాలలో కొలిమి చూసుకునే పెద్దాయన తన నీడను కూడా నమ్మడు. నికెల్ పొడి చల్లిన పళ్లెం మీదుగా వేడి గ్యాసు పోనిస్తే రేణువు రేణువుకీ ఒక కార్బన్ పోగు మొలుస్తుంది. పొడి చల్లకుండా పోలిక కోసం ఉంచిన పళ్లెంలో ఏమీ మొలవకూడదు. ఆ ఖాళీ పళ్లాన్ని ఎవరూ ముట్టకుండా తన పాత ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు, మూడుసార్లు లాగి చూస్తాడు, తాళంచెవి మెడలో వేసుకుంటాడు. ఈరోజు దాన్ని కొలిమిలో పెట్టి తీస్తే దాన్నిండా నల్లటి నూగు. నెల రోజుల పని నీళ్లపాలు.

"ఎవరో కావాలనే పొడి చల్లారమ్మా," అన్నాడు మైక్రోస్కోపు దగ్గరి అమ్మాయితో, గొంతు తగ్గించి.

"పోగు పోగు కొసనా రేణువుంది బాబాయ్. కానీ నికెల్ కాదు, ఇనుము. దానికీ పోగులు మొలుస్తాయి. తుప్పు రాలినట్టుంది."

ఆయన పెట్టె తెరిచి మూత లోపల రుద్దాడు. వేలికి ఎర్రటి పొడి అంటింది. తలుపు వైపు ఓ కన్నేసి అడిగాడు: "దీనికి తుప్పు ఎవరు పట్టించారంటావ్?"