ప్రశ్న చెప్పని సమాధానం

పత్రిక ఉద్యోగం మానేసి ఏళ్ళయినా, ప్రకటనలతో సహా పేపరంతా చదివే అలవాటు పోలేదు. మొన్న ఒక మూలన, ఏదో సెమినరీలో, అంటే పాస్టర్లు చదివే కాలేజీలో, డాక్టరేటు చేయదలచినవారికి నిబంధనలు వేశారు. ప్రాచీన భాషలు రెండు, అర్హత పరీక్ష, సిద్ధాంత గ్రంథం, మౌఖిక పరీక్ష. అన్నిటికీ కింద చిన్న అక్షరాల్లో, బోధనా శిక్షణ తప్పనిసరి అని ఉంది. చేతిలో కాఫీ చల్లారిపోయింది. మా చిన్నాయన సుద్దముక్కతో ఎదురుగా నిలబడ్డట్టయింది.

డెబ్బైల చివర్లో ఆయన నంద్యాల సెమినరీలో పాఠాలు చెబుతూనే డాక్టరేటుకు చదివేవారు. నేను కొత్తగా విలేకరినై వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. మంచం మీద, బియ్యం డబ్బా మీద, ఆఖరికి చిన్నమ్మ కుట్టుమిషను మీద కూడా గ్రీకు, హీబ్రూ పుస్తకాలే. హీబ్రూ కుడి నుంచి ఎడమకు చదువుతారని తెలిసి నేను నోరు తెరిస్తే, "సంసారం గూడా అట్నే తిరగేసి చేస్తాండాడు లేప్పా మీ చిన్నాయన" అంది చిన్నమ్మ వంటింట్లోంచి. ఆరేళ్ళ పరిశోధన అంతా ఒక్క మాట మీద: సమాధానం. లోకానికి సమాధానమంటే జవాబు. చర్చి తెలుగులో మాత్రం శాంతి. ఆ మాట వెనకున్న వేల ఏళ్ళ నడకను ఆయన చీటీల మీద రాసి, ఒక రేకుపెట్టెలో పేర్చుకునేవారు. ఆ పెట్టె మూత తీస్తే నాకు గొంతు తగ్గించి మాట్లాడాలనిపించేది.

గ్రంథం పూర్తయింది. ఒక్క నిబంధన మిగిలింది. పరీక్షించేవారి ముందు పల్లె జనానికి పాఠం చెప్పాలి; విన్నవాళ్ళలో ఒకరు దాన్ని సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. గడువు ఆ నెలతో సరి. తప్పితే ఆరేళ్ళ పని ఆ పెట్టెలోనే ఉండిపోతుంది.

ఆదివారం ఆళ్లగడ్డ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి రుద్రవరం దారిలో ఇంకో బస్సు. చిన్నాయనా నేనూ దిగిన పల్లెలో ఆరాధన ముగిసి, జనం చర్చిలో చాపల మీదే కూర్చుని ఉన్నారు. పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన వెనక కుర్చీలో. చిన్నాయన నల్లబల్ల మీద గ్రీకు మాట, దాని కింద హీబ్రూ మాట ముత్యాల్లా రాసి ముప్పావుగంట మాట్లాడారు. అంత చదువు ఒక్క తలలో ఎలా పట్టిందా అని నేను చూస్తూ ఉండిపోయాను. పెద్దాయన లేచి, ముందు వరసలో ఉన్న ఒక ముసలమ్మను ఏం అర్థమైందని అడిగారు.

"ప్రతి ఆదివారం వింటానే ఉండాం సామీ. సమాధానం, సమాధానం అంటారు. ప్రశ్న ఏందో మాత్రం ఒక్కరూ చెప్పరే!"

చర్చిలో నవ్వు. చిన్నాయన మాత్రం సుద్దముక్క పక్కన పెట్టి, వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నారు. "నువ్వు ఎవరితోనైనా కొట్లాడినావామ్మా?" అని అడిగారు.

"ఎందుకు కొట్లాడలేదూ! చేని గట్టు కాడ నాకూ మా తోడికోడలికీ పెద్ద రచ్చ. మూడు నెల్లు మాటల్లేవు. మొన్న ఆమే సంగటి తెచ్చి, తిందాం రా అక్కా అనింది. ఒగ తట్టలోనే తిన్న్యాం."

"తిన్నాక ఎట్లుండె?"

"ఎట్లుంటాది? కడుపు సల్లగయ్యింది."

చిన్నాయన లేచి ఆ రెండు లిపుల కింద తెలుగులో రాశారు: కడుపు సల్లగయ్యింది. రాసి, విద్యార్థిలా దాన్నే చూస్తూ నిలబడ్డారు.

"ఇప్పుడు పాఠమేమిటో చెప్పమ్మా" అన్నారు పెద్దాయన.

"పాఠం యాడిది సామీ? చెప్పింది నేనే కదా!"

"సొంత మాటల్లో చెప్పాలనే కదా నిబంధన. చెప్పేసింది" అంటూ పెద్దాయన నవ్వి, కాగితం మీద సంతకం చేశారు.

చిన్నాయన ఊరికే పట్టా పుచ్చుకోలేదు. చివరి అధ్యాయం చించి, తోడికోడళ్ళు కలిసి తిన్న ఆ కంచంతో మొదలుపెట్టి మళ్ళీ రాశారు. అంత పండితుడు నేల మీద కూర్చున్న ఆ క్షణమే నాకు ఆయన చదువంతటిలోకీ ఎత్తుగా కనబడుతుంది. ఆ బల్ల మీద మొదటి రెండు మాటలు వేల ఏళ్ళ నాటివి, మూడోది అప్పుడే పుట్టింది. ఇన్నేళ్ళ తర్వాత నాకు చదవడం వస్తున్నది ఆ మూడోదొక్కటే.