చూరు కింద తడి చీరలు: పాత హ్యూమ్ రోడ్డు మీద ఒక పెట్రోల్ బంకు

పోయిన శీతాకాలంలో మూడో ఉద్యోగం మానేసిన మర్నాడు, ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని కారు తీసుకుని సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ వైపు బయల్దేరాను. గోల్‌బర్న్ దాటాక మోటార్‌వే దిగి పాత హ్యూమ్ రోడ్డు పట్టుకున్నది చూడదగ్గవేవో ఉంటాయని కాదు, బాత్రూమ్ కోసం. అక్కడ గడ్డి మైదానాల మధ్య ఒంటరిగా ఒక ఆకుపచ్చ చెక్క పెట్రోల్ బంకు కనిపించింది. ముందు రెండు పాతకాలపు పంపులు, వాటి నెత్తిన గాజు గొట్టాలు, తలుపు మీద 'టీ రూమ్స్' అని చేత్తో రాసిన అక్షరాలు. తలుపు తీయగానే ఇంగువ తాలింపు వాసన. కౌంటర్ వెనక ఉన్న ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "తెలుగమ్మాయివేనా? తిన్యావా?" అంది. సుశీల ఆంటీ, రాఘవ అంకుల్ నాకు అలా పరిచయం. అనంతపురం నుంచి ముప్పై ఏళ్ల కిందట వచ్చారు. అంకుల్ ఎలక్ట్రికల్ ఇంజనీరుగా రిటైరయ్యాక, మోటార్‌వే పడ్డప్పటి నుంచి మూతబడి ఉన్న ఈ బంకును కొని, తొమ్మిదేళ్లు పట్టి పాత రూపానికి తెచ్చారు. ఇప్పుడు పెట్రోలు లేదు, టీ మాత్రమే. వాళ్ల కాపురం కూడా వెనక గదుల్లోనే.

ఈ ఫిబ్రవరిలో, ఇక్కడ అది ఎండాకాలం, ఆంటీ ఫోన్ చేసింది. ఊరి చరిత్ర సంఘం వాళ్లు గోడకు ఇత్తడి పలక పెడుతున్నారట. "శనివారం రా పాపా. మనోళ్లు ఒక్కరన్నా ఉండాల గదా." వస్తానన్నాను. శుక్రవారం సాయంత్రం వార్తల్లో మర్నాటి అగ్నిప్రమాద స్థాయి 'ఎక్స్‌ట్రీమ్' అని చెప్పారు. నలభై ఒక్క డిగ్రీలు, పడమటి గాలి, బయట నిప్పు పూర్తిగా నిషేధం. నేను ఈ దేశానికి వచ్చిన మొదటి ఎండాకాలం సిడ్నీ ఆకాశం వారాల తరబడి నారింజ రంగులో ఉంది. మధ్యాహ్నం లైట్లు వేసుకుని యూనివర్సిటీకి వెళ్లిన రోజులవి. అప్పటి నుంచి పక్కింట్లో బార్బెక్యూ పొయ్యి వెలిగించినా లేచి కిటికీలోంచి చూస్తాను. వెంటనే అంకుల్‌కి ఫోన్ చేసి వాయిదా వేయమన్నాను. "ఒకసారి వానకు వాయిదా, ఇంగోసారి నా మోకాలికి వాయిదా. మూడోసారీ అంటే ఆ పలక నా సమాధికి కొట్టాల్సి వస్తాది. ఏమీ కాదులే, రా" అని నవ్వారు.

సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో మా ఇంటి నుంచి ఉదయం ఆరూ నలభైకి బయల్దేరాను. ఎమ్ సెవెన్ రోడ్డు టోల్ పది డాలర్ల దాకా అవుతుంది. అక్కడి నుంచి హ్యూమ్ మోటార్‌వే ఎక్కితే గోల్‌బర్న్‌కు రెండు గంటల పైచిలుకు. మిట్టగాంగ్ దాటేసరికే గాలి కారును పక్కకు తోయడం మొదలుపెట్టింది. పక్క నుంచి పెద్ద ట్రక్కు దాటిన ప్రతిసారీ స్టీరింగ్ రెండు చేతులతో బిగించి, అది వెళ్లిపోయాక గానీ ఊపిరి వదల్లేదు. గోల్‌బర్న్‌లో ఆగి పెట్రోలు నింపుకున్నాను, ఆరు డాలర్లు పెట్టి కాఫీ తాగాను. ఊరి చివర అగ్నిప్రమాద స్థాయి చూపే అర్ధచంద్రాకారపు బోర్డు మీద ముల్లు ఎరుపుకు ఒక్క గడి ఇవతల ఉంది. దాని ముందు కారు ఆపి, వెనక్కి తిప్పుదామా అని ఐదు నిమిషాలు ఆలోచించాను. ఆంటీ "మనోళ్లు ఒక్కరన్నా" అన్న మాటకే ముందుకు పోనిచ్చాను. అక్కడి నుంచి పాత రోడ్డులో పాతిక కిలోమీటర్లు. ఇరువైపులా గడ్డి మోకాలెత్తు, కొబ్బరి పీచు రంగు. పది గంటలకు బంకు చేరి, నీడ ఉందని కారును ముందుకు పోనిచ్చి మూతి గోడ వైపు ఉండేలా పెట్టాను.

మీలో ఎవరైనా అక్కడికి వెళితే టీ, స్కోన్‌లనే చిన్న బన్నులు తొమ్మిది డాలర్లు, జామ్‌తో పాటు అడిగితే కారప్పొడి కూడా పెడతారు. కానీ తినే ముందు అంకుల్‌ని గోడ చూపించమనండి. ఈ ఆకుపచ్చ రంగు ఆయన దుకాణంలో ఎంచుకున్నది కాదు. బ్లేడుతో ఏడు పొరల పెయింటు గీకితే అడుగున దొరికింది. దాన్ని గోరంత ముక్క తీసుకెళ్లి కలిపించారు. పీకిన ప్రతి స్క్రూనూ డబ్బాలో వేసి, ఏ తలుపుదో చీటీ అంటించి, వెనక షెడ్డులో దాచారు. పైకప్పుకు, గోడకు మధ్య చూరు పొడుగునా వేలెడు సందు ఉంది, గాలి ఆడడానికి. దాన్నీ అలాగే ఉంచారు. పక్క పొలంలో ఉండే కెవిన్, ఊరి ఫైర్ బ్రిగేడ్‌లో వాలంటీరు, ఆ సందుకు ఇనుప జాలీ కొట్టమని రెండేళ్లుగా పోరుతున్నాడట. నిప్పురవ్వలు దూరేది అలాంటి సందుల్లోంచే. "ఒరిజినల్‌లో జాలీ లేదు పాపా. అది కొడితే ఇంగ ఈ బంకు ఈ బంకు కాదు" అన్నారు అంకుల్. భూమిలో ఉన్న పాత పెట్రోలు ట్యాంకుల సంగతి అడిగాను, భయంగానే. "ఇసక పోసి ఎప్పుడో మూసేసినారు. నువ్వు చానా సినిమాలు చూస్తావు." ఆంటీ కౌంటర్ వెనక నుంచి, "ఆ పిల్ల అడిగిందాంట్లో తప్పేముంది? ఈయప్పకు చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది" అంది.

పన్నెండింటికి కార్యక్రమం. పదకొండుంపావుకి ముప్పై మంది దాకా వచ్చారు. చరిత్ర సంఘం పెద్దావిడ జూన్ పలకను తువ్వాలులో చుట్టి తెచ్చింది, ఇత్తడి స్క్రూలు జేబులో వేసుకుంది. పదకొండూ ఇరవైకి గదిలో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. పడమర పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో గడ్డి అంటుకుంది. అగ్నిమాపక శాఖ యాప్‌లో పసుపు గుర్తు, అంటే గమనిస్తూ ఉండమని. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను బయటికి వచ్చి చూశాను. పడమటి అంచున చిన్న గోధుమరంగు మరక. ఐదు నిమిషాల తర్వాత చూస్తే అది మరక కాదు, గోడ. పసుపు గుర్తు నారింజకు మారింది. కుర్చీలు మడవకుండానే జనం కార్లెక్కారు. జూన్ పలకను వెనక సీట్లో పెట్టుకుని, ఇళ్లు ఖాళీ చేసినవాళ్లు చేరే గోల్‌బర్న్ షోగ్రౌండ్‌లో కలుద్దామని చెప్పి వెళ్లింది. తాళం చేతిలో ఉంది, కాళ్లు కారు వైపు లాగుతున్నాయి, కానీ అంకుల్ కుర్చీలు సర్దుతున్నారు, ఒక్కొక్కటీ, వరసగా.

అప్పుడే కెవిన్ వచ్చాడు. ఆరడుగుల మనిషి, పసుపు కోటు, చెమటకు మసి అంటిన మొహం. "రాగ్స్, మూడు గంటలకు గాలి మారుతుంది. ఈలోపు మంట ఇటే వస్తుంది. మీరు వెళ్లాలి, ఇప్పుడే" అన్నాడు ఇంగ్లీషులో. అంకుల్ పేరు అతని నోట్లో రాగ్స్ అయింది. అంకుల్ తల అడ్డంగా ఊపారు. "ట్యాంకులో నీళ్లున్నాయి, పంపుంది. వీళ్లిద్దరినీ పంపిస్తా. నేనుంటా."

"మేట్, నీ మోకాలికి నిచ్చెన ఎక్కడమే రాదు."

"తొమ్మిదేళ్లు, కెవిన్."

నేను అరిచేశాను. "అంకుల్, ప్లీజ్! కారెక్కండి!"

ఆంటీ అరవలేదు. భుజానికున్న సంచి తీసి కౌంటర్ మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. "సరే. నేనూ పోను" అంది.

"నువ్వు గమ్మునుండు. పాపతో పో."

"పాపా పోదు. మనం ఎక్కందే ఆ కారు కదలదు. దాని మొహం చూడు, ఎట్ల వణుకుతాందో. ఫోన్ తీసి వాళ్లమ్మకు నువ్వే చెప్పు, మీ బిడ్డను నా చెక్కల కోసం ఇక్కడ కూచోబెట్టుకున్నానని. చెప్పు."

అంకుల్ నన్ను చూశారు. ఆ రోజు ఉదయం నుంచి నన్ను ఆయన నిజంగా చూడడం అదే మొదటిసారి అనిపించింది. తర్వాత తలెత్తి చూరు వైపు చూశారు. ఆ వేలెడు సందులోంచి పొగ సన్నగా, దారంలా లోపలికి దిగుతోంది. "పది నిమిషాలియ్యి" అన్నారు కెవిన్‌తో, చిన్న గొంతుతో. "సందు మూసి పోతాం."

"టెన్ మినిట్స్. దెన్ ఐ యామ్ క్యారీయింగ్ యూ."

తడిపి కూరిన తువ్వాళ్లు, టేబుల్ గుడ్డలు వెనక వైపు సందుకే సరిపోయాయి. ఆంటీ లోపలికి పరిగెత్తి చీరలు తెచ్చింది. "నూలువేనా?" అన్నారు అంకుల్. "పట్టువి నీకిస్తానా, నైలానువైతే అంటుకోవా? నూలువే. బిన్నా కానీ, టైము లేదు." ఒక్కోటి పొడుగునా మడిచి స్నానాల తొట్టిలో ముంచాం. నేను కుర్చీ ఎక్కి అందించాను, కెవిన్ నిచ్చెన మీద నుంచి వాటిని సందులోకి కూరాడు, పెయింటు గీకే బ్లేడు పిడితో నొక్కుతూ. ఐదున్నర మీటర్ల చీర ఒక గోడకు దాదాపు సరిపోతుందని నాకు ఆ రోజే తెలిసింది. నీళ్లు నా మోచేతుల మీదుగా కారుతున్నాయి. తడి చీర రెండుసార్లు జారి నేల మీద పడింది. గాలిలో ఇప్పుడు వాసన మాత్రమే కాదు, నల్లటి ఆకు పీలికలు ఎగురుతున్నాయి. ఒకటి నా చేతి మీద వాలింది. వేడిగా లేదు. అయినా కెవ్వుమన్నాను.

పన్నెండింటికి మేం ముగ్గురం కారెక్కాం, కెవిన్ తన ఫైర్ ట్రక్కు దగ్గరికి పరిగెత్తాడు. కారు మూతి గోడకు ఉంది కదా, రివర్స్ చేయాలి. పొగలో వెనక కెమెరాలో బూడిదరంగు తప్ప ఏమీ లేదు. గేరు వేయబోతే వైపర్లు వేశాను. మొదటిసారి పంపు దిమ్మెకు తగిలింది. రెండోసారి మళ్లీ గోడకే వచ్చాను. "తొందరేం లేదు, ఎడమకు తిప్పు" అన్నారు అంకుల్. తొందర లేకపోవడమేమిటి! మూడోసారికి రోడ్డెక్కాం. పట్టపగలు హెడ్‌లైట్లు వేసుకుని నలభైలో నడిపాను. సూర్యుడు రాగి చెంబులా ఉన్నాడు. ఒకచోట గొర్రెలు కంచె మూలన ఒకదానిమీదొకటి ఎక్కి నిలబడి ఉన్నాయి. ఆంటీ వెనక సీట్లోంచి చెయ్యి చాపి నా భుజం పట్టుకుని, షోగ్రౌండ్ గేటు దాకా వదల్లేదు. ఆ పాతిక కిలోమీటర్లకు నలభై నిమిషాలు పట్టింది.

షోగ్రౌండ్ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, నీళ్ల సీసాలు, గుర్రాల ట్రక్కుల చప్పుడు. ఆ నిరీక్షణ మంట కన్నా కష్టంగా ఉంది. యాప్‌లో బంకు ఉన్న చోటు ఎర్ర గుర్తు కిందకు వెళ్లిపోయింది. కెవిన్ ఫోన్ ఎత్తడం లేదు. ఎవరో ఇచ్చిన టీని అంకుల్ తాగకుండా పక్కన పెట్టారు. నాలుగింటికి జూన్ వచ్చి ఎదురుగా కూర్చుంది. తువ్వాలు విప్పి పలక ఒళ్లో పెట్టుకుంది.

"ఇప్పుడొద్దు జూన్. గోడ ఉందో లేదో తెలియకుండా పలకెందుకు?" అన్నారు అంకుల్.

ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. "రాగవా, మేం దీని మీద ఏం రాయించామో నువ్వింకా చదవలేదు. ఇందులో గోడ పేరు లేదు" అని పలకను తిప్పి ఆయన చేతిలో పెట్టింది. పై వరసలో ఆంటీ పేరు, కింద వరసలో అంకుల్ పేరు, ఆ కింద 'ఈ రోడ్డుకు దీపం మళ్లీ వెలిగించినవారు' అని ఇంగ్లీషులో. చుట్టూ ఉన్న వాళ్లు, ఇళ్లొదిలి వచ్చిన రైతులు, పిల్లలు, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎక్కువసేపు కాదు. అందరి కళ్లూ ఫోన్ల మీదే ఉన్నాయి. ఆంటీ మాత్రం తన పేరు మీద వేలు పెట్టి, "నాది పైన ఏశారే" అంది ఆశ్చర్యంగా.

ఆరు దాటాక కెవిన్ ఫోన్ చేశాడు. గాలి మారింది. బంకు నిలిచింది. ముందు వైపు చీరలు మాడి గోధుమరంగులోకి వచ్చాయి, చెక్క అంటుకోలేదు. వెనక షెడ్డు మాత్రం లేదు. చీటీలంటించిన డబ్బాలు, పాత తలుపులు, మిగిలిన చెక్క పలకలు, అన్నీ పోయాయి. అంకుల్ "థాంక్యూ మేట్, నువ్వు బాగున్నావా?" అని రెండుసార్లు అడిగి, ఫోన్ పెట్టేసి, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆంటీ ఆయన్ను ఏడవనిచ్చింది. ఆ తర్వాత నాతో, "రాత్రికి నువ్వు కారు నడపొద్దు. ఇక్కడే మోటెల్లో ఉందాం" అంది.

ఇంటికొచ్చి వారమైంది. పొగ వాసన జుట్టులోంచి పోయింది కానీ, కిటికీ రెక్క కొట్టుకుంటే ఇప్పటికీ ఫోన్‌లో ఆ యాప్ తెరుస్తాను. పాత దారుల మీద మూతబడ్డ దుకాణాలకు ప్రాణం పోసే వాళ్ల గురించి ముచ్చటగా నాలుగు ఫొటోలతో రాద్దామని బయల్దేరాను. ఫొటోలు ఒక్కటీ తీయలేదు. నాకు ఆ రోజు నుంచి గుర్తుండేది ఏడు పొరల కింద దొరికిన రంగు కాదు, దాన్ని వెతికి పట్టుకున్న మనిషి దాన్ని వదిలి నా కారులో కూర్చోవడం. సీటు బెల్టు పెట్టుకుంటున్నప్పుడు ఆయన అద్దంలోంచి వెనక్కి చూడలేదు. చూస్తే దిగిపోతానని భయపడి ఉంటారు. ఇన్నేళ్లూ ఆ బంకును నిలబెట్టింది ఆయన మొండితనమే. ఆ పూట ఆయన్ను బతికించింది ఆ మొండితనాన్ని గెలిచిన ఆంటీ స్టూలు. పలక మీద ఆవిడ పేరు పైన ఉండడం సరైనదే.

ఈ దారిలో వెళ్లే వాళ్లకు ఒక్క సలహా. డిసెంబరు నుంచి మార్చి దాకా, గడ్డి ఎండిన చోట ఎక్కడ ఆగినా, నీడ కోసం చూసుకోకుండా కారు మూతి రోడ్డు వైపు ఉండేలా పెట్టండి. ఎండకు సీట్లు కాలితే కాలనివ్వండి. బయటపడాల్సి వచ్చినప్పుడు చేతులు వణుకుతాయి, అప్పుడు చేయాల్సిన పని ఒక్కటే అయి ఉండాలి: ముందుకు పోనివ్వడం.