ఆరు ఫ్యాన్లు, ఒక్క బస్తా మిర్చి

నన్ను చూడవచ్చినోళ్ళు కండ్లల్ల నీళ్ళు కార్చుకుంట మా మెట్లు దిగి ఉరికిన కథ చెప్త, ఇనుండ్రి. నా మొఖం చూసి మాత్రం గాదు, ఆ సంగతి ముందే చెప్తాన్న. మా చుట్టాలల్ల ఎవరిని అడిగినా ఇప్పటికీ "గా పొల్ల కావాల్ననే చేసింది" అంటరు. అబద్ధం. నేను కావాల్నని చేస్తే ఇంకా మంచిగ చేస్తుంటి.

మాది వరంగల్ల గిర్ని. కింద గిర్ని, పైన మా ఇల్లు. జొన్నలు, గోధుమలు, పసుపు, ఏది తెచ్చినా మా బాపు పట్టి ఇస్తడు. ఎండకాలం వచ్చిందంటే మాత్రం పొద్దంత మిర్చే. కొత్తగ వచ్చినోళ్ళు మా గల్లి మలుపు కాన్నే తుమ్ముడు షురువు జేస్తరు. మాకేం తెల్వది, పుట్టినకాన్నుంచి అదే గాలి.

ఆ ఘాటులనే పెరిగి, ఇంజనీరింగ్ చదివి, ఇంట్ల కూసొనే ఓ పని మొదలువెట్టిన. ఇల్లు కట్టకముందే గేటు కాడి నుంచి వంటింటి దాక తిరిగి చూసినట్టు వీడియో చేసి ఇస్త. దానికి మామూలు కంప్యూటర్ ఆగదు. అందుకే ఒక్కొక్క పార్టు తెప్పిచ్చుకొని నా చేతుల్తోని నేనే బిగిచ్చుకున్న. ఓ పక్క అద్దం, లోపల రంగురంగుల లైట్లు. ముంగట మూడు ఫ్యాన్లు గాలిని లోపలికి గుంజుతయి, ఎనకా పైనా ఉన్న మూడు బయటికి ఊదుతయి. ఆరు కలిసి లేసినయంటే ఇంట్ల మాట ఇనపడదు.

"ఏందే బిడ్డా, కింద ఒక గిర్ని సాలదని పైన ఇంకోటి వెట్టినవ్?" అనేటోడు బాపు.

"పని చేస్తాంది బాపూ."

"నాది గూడ పనే చేస్తాంది. నాది పిండన్న ఇస్తది."

ఇట్ల నడుస్తుంటే మరిపెడ నుంచి సంబంధం వచ్చింది. ఆదివారం చూడవస్తమన్నరు. నా ఖర్మకు, హనుమకొండల ఉండే బిల్డరుకు ఓ ఇంటి వీడియో ఇయ్యాల్సింది గూడ ఆదివారం సాయంత్రానికే. అది మంచిగ కుదిరితె ఆయన కట్టే ఇండ్లన్నీ నాకే ఇస్తనన్నడు. కంప్యూటర్ పొద్దుగాల షురువు జేస్తే సాయంత్రం దాక ఆగకుంట నడవాలె. మధ్యల బంద్ జేస్తే మళ్ళ మొదటికి.

మా అమ్మకు ఆ సంగతి చెప్పిన. నడుం మీద చెయ్యి వెట్టుకొని నిలవడ్డది.

"నడిపిచ్చుకో. కానీ వచ్చినోళ్ళ ముంగట గా డబ్బా గుయ్యిమన్నదనుకో, సోమవారం పొద్దుగాల పాత సామాన్లోన్ని పిలిచి కాటా మీద పెట్టిస్త."

"అమ్మా, అదెంత కష్టపడి..."

"సప్పుడు రావద్దు. గంతే."

బాపు వైపు చూసిన. తల ఊపిండు, అమ్మ దిక్కు. అంటే ఇద్దరూ ఒకటే. ఆ డబ్బా పోయిందంటే నా పని పోయినట్టే. పని పోతె ఇగ వచ్చిన పిలగానికల్లా తల ఊపుకుంట కూసోవాలె. నాకు భయమైంది, కోపం గూడ వచ్చింది. చూపిస్త వీళ్ళకు, అనుకున్న.

ఇగ నా తెలివి చూడుండ్రి. ఎంత వేడైతే ఫ్యాన్లు ఎంత స్పీడ్ల తిరగాల్నో చెప్పెతందుకు కంప్యూటర్ల ఓ గీత ఉంటది, దాన్ని మనమే గీసుకోవచ్చు. బుద్ధి ఉన్నోళ్ళు ఆ గీతను మెల్లమెల్లగ పైకి ఎక్కిస్తరు. జర వేడైతే జర స్పీడ్, మస్తు వేడైతే మస్తు స్పీడ్. నేను గట్ల చెయ్యలే. ఎనభై అయిదు డిగ్రీల దాక సున్న, అది దాటితె నూటికి నూరు. నేల మీద పండుకున్న గీత ఒక్కపారి లేసి గోడ ఎక్కినట్టు. లోపల కంప్యూటర్ మెదడు లాంటి ప్రాసెసర్ మీద ఇంకో చిన్న ఫ్యాన్ ఉంటది, అదే అంతా చూసుకుంటది, ఎనభై అయిదు ఎక్కడొస్తది అనుకున్న. గాలి సాఫుగ ఆడాల్నని ముంగట దుమ్ము ఆపే జాలీలు గూడ పీకి పక్కకు వెట్టిన. ఇప్పుడు నవ్వుతాండ్లా? నవ్వుండ్రి. ఆ గీత గీసినప్పుడు నన్ను మించినోళ్ళు లేరనుకున్న.

ఆదివారం పొద్దుగాల అమ్మ హాలంత చూసి ఇంకోటి అన్నది. "గా లైట్లేందే, వైన్ షాపు లెక్క? దాని మొఖం అటు తిప్పు."

తిప్పిన. మొఖం కిటికీ దిక్కు, ఈపు సోఫా దిక్కు. ఎండకాలం గనుక కిటికీ బార్ల తెరిచి ఉంది. దాని కిందనే గిర్ని. ఆ రోజుకు గిర్ని బందే గదా అని నేను ఫికర్ చెయ్యలే.

వాళ్ళు వచ్చిండ్లు. పిలగాడు, వాళ్ళమ్మ. పిలగాడు ఇస్త్రీ అంగీల బిగుసుకపోయి సోఫాల కూసున్నడు, సరిగ్గ నా డబ్బా ఈపుకు ఎదురుంగ. అమ్మ మిక్చర్, చాయ ఇచ్చింది. కంప్యూటర్ నడుస్తాంది, చీమ చిటుక్కుమన్న సప్పుడు లేదు. అమ్మ నా దిక్కు చూసి నవ్వింది. చాన రోజులకు నవ్వింది.

గప్పుడే కిందికెల్లి కేక. "ఓ సేటూ! వర్ధన్నపేట నుంచి వచ్చిన. ఒక్క బస్తనే! బిడ్డను రేపు అత్తగారింటికి తోలాలె, కారం కట్టియ్యాలె!"

మా బాపుకు ఓ నియమం. నింపుకొచ్చిన బస్తను గిర్ని గడప నుంచి ఎనకకు పంపడు. దేవుడొచ్చి చెప్పినా పంపడు. "నిమిషంల వస్త" అని దిగిపోయిండు. కింద మోటరు లేసింది. అమ్మ నవ్వు జర తగ్గింది గని, గిర్ని సప్పుడే గదా అని ఊకున్నది.

పిలగాని అమ్మ నన్ను అడిగింది. "నువ్వేం పని చేస్తవ్ బిడ్డా?"

"ఇండ్లకు వీడియోలు చేస్తనమ్మా. ఇగో, ఈ కంప్యూటర్ల."

"అది నడుస్తాందా?"

"పొద్దటి నుంచి నడుస్తాంది," అన్న, గర్వంగ. "చూడుండ్రి, ఏమన్న సప్పుడు ఇనపడ్తాందా?"

నోరు మంచిది గాదు నాది. పొద్దటి నుంచి ఎక్కుతున్న వేడి ఎనభై అయిదు దాటింది.

ఆరు ఫ్యాన్లు ఒక్కపారి లేసినయి. కిటికీ దిక్కున్న మూడు ఫ్యాన్లు గిర్ని గాలిని గుంజినయి, ఇటున్న మూడు ఫ్యాన్లు తెచ్చింది తెచ్చినట్టు సోఫా మీదికి ఊదినయి. వర్ధన్నపేట మిర్చి మా హాలుకు పైపేసి పంపినట్టు వచ్చింది. పిలగాడు మిక్చర్ నోట్లె ఏసుకోబోయి తుమ్మిండు. ఆ మిక్చర్ ఇంకా మా ఫ్రిజ్ ఎనక దొరుకుతనే ఉంటది. వాళ్ళమ్మ కొంగు ముక్కుకు అడ్డం వెట్టుకొని "అయ్యో, అయ్యో" అన్నది. ఆ మిర్చి ఏం మిర్చో గని, లగ్గమైనకాన్నుంచి మిర్చి గాలి పీల్చిన మా అమ్మకే దగ్గు ఆగుత లేదు.

"బంద్ జెయ్యే!" అని మొత్తుకున్నది అమ్మ.

కంప్యూటర్ తెర దిక్కు చూసిన. నూటికి తొంభై నాలుగు వంతుల పని అయిపోయింది.

"చెయ్య!"

"ఏమన్నవే?"

"చెయ్యనమ్మా! జరంతనే ఉంది!"

ఉరికి పోయి కిటికీ మూసిన. చాన తెలివైన పని చేసిన అనుకున్న. మూసినంక ఇంట్ల కారం ఇంట్లనే తిరుగుడు పట్టింది. డబ్బా గుంజుడు, ఊదుడు, మళ్ళ అదే గుంజుడు. డబ్బాను ఇటు తిప్పిన, అమ్మకు కొట్టింది. అటు తిప్పిన, చాయ కప్పులల్ల పడ్డది. తల్లీకొడుకులు లేసి మెట్ల దిక్కు ఉరికిండ్లు. పిలగాడు మెట్ల మీద ఆగి, దస్తీ ముక్కుకు వెట్టుకొని, ఎర్రటి కండ్లతోని నన్ను చూసిండు. ఆయన నాతోని మాట్లాడిన ఒకే ఒక్క మాట అది.

"ముంగట ఫ్యాన్లు కిటికీ దిక్కు పెట్టిండ్లా అండి? తప్పండి."

కారానికి రాని మంట ఆ మాటకు వచ్చింది నాకు. దగ్గుతాన్నవ్ గదా, దగ్గుకో. సలహా నిన్ను ఎవరడిగిండ్లు?

సాయంత్రానికి వీడియో అయిపోయింది, బిల్డరుకు పంపిన.

సోమవారం పొద్దుగాల బాపు పైకి వచ్చి నా డబ్బా వైర్లు పీకి, రెండు చేతుల్తోని లేపిండు. గల్లిల పాత సామాన్లోడు తయారుగ నిలవడ్డడు. నేను తలుపుకు అడ్డం నిలవడ్డ.

"కావాల్నని చేసినవ్," అన్నడు బాపు.

"చెయ్యలే. ఆ బస్తా నువ్వెందుకు పట్టినవ్?"

బాపు డబ్బాను ఇంకింత పైకి లేపిండు. గప్పుడే ఆయన ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేవు గనుక నేనే ఎత్తి స్పీకర్ వెట్టిన. మరిపెడ నుంచి పిలగాని అమ్మ.

"అన్నా, సంబంధం సంగతి ఇగ ఇడిసిపెట్టుండ్రి. మా పిలగానికి ఇంకా తుమ్ములు తగ్గలే," అన్నది. అమ్మ నెత్తి పట్టుకున్నది. "కానీ అన్నా, కారం ఇంత మెత్తగ ఎట్ల పడ్తరు? మాకు ఇంత ఘాటు వచ్చేటట్టు ఒక్కరూ పట్టరు. మా చేన్ల మిర్చి రెండు బస్తాలు తోలిస్త, జర పట్టి పెట్టుండ్రి."

బాపు నా దిక్కు చూసిండు, చేతులల్ల ఉన్న డబ్బా దిక్కు చూసిండు. మెల్లగ తీస్కపోయి దాని జాగల దాన్ని పెట్టిండు. "దుమ్ము పట్టకుండ తుడుసుకో," అని కిందికి పోయిండు. పాత సామాన్లోడు ఖాళీ సంచితోని పోయిండు.

ఇప్పుడు ప్రతి ఎండకాలం మరిపెడ బస్తాలు మా గిర్నికే వస్తయి. ఆ పిలగానికి వేరే పిల్లతోని లగ్గమైంది. ఆ లగ్గం వంటల కారం గూడ మా బాపే పట్టిండు.

అందరి ముంగట, మా గిర్ని రాయి మీద చెయ్యి వెట్టి ఒట్టేస్తాన్న. మిర్చి పట్టే కాలంల నా ఫ్యాన్లను ఇంకెప్పుడూ సున్న మీద పెట్ట, వాటి మొఖం కిటికీ దిక్కు తిప్ప. పసుపు పట్టే కాలం గురించి మాత్రం నన్ను ఎవరూ ఏం అడగలే, నేనూ ఏ ఒట్టూ వెయ్యలే.